మలేరియా రోగనిరోధకత

ప్లాస్మోడియం పరాన్నజీవి పదేపదే సోకడం వల్ల శరీరంలో నిదానంగా ఏర్పడే పాక్షిక రక్షణను మలేరియా రోగనిరోధకత అంటారు. దోమ కడుపులో ఈ పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో గుర్తించాడు. తెలంగాణలో ఛత్తీస్‌గఢ్ సరిహద్దును ఆనుకొని, 2016 వరకు ఖమ్మం జిల్లాలో ఉన్న చర్ల, దుమ్ముగూడెం వంటి భద్రాచలం అటవీ మండలాలు చలిజ్వరానికి, అంటే మలేరియాకు, పేరుపడ్డ ప్రాంతాలు.

ఈ రక్షణ సంపూర్ణం కాదు. జ్వరం తీవ్రత తగ్గినా పరాన్నజీవి రక్తంలో మిగిలిపోవచ్చు. వ్యాధి ఉన్న ప్రాంతానికి ఏళ్ల తరబడి దూరమైతే రక్షణ సన్నగిల్లుతుంది. ప్లాస్మోడియంలో ఫాల్సిపరం రకం, తాను చేరిన ఎర్రరక్తకణం పైపొరపై ఒక ప్రొటీన్‌ను నిలిపి రక్తనాళపు గోడకు అంటుకుంటుంది. ఆ ప్రొటీన్‌కు సుమారు 60 జన్యువులున్నాయి. యాంటీబాడీలు ఒక రూపాన్ని గుర్తుపట్టేలోగా అది మరో రూపానికి మారుతుంది. వైవాక్స్ రకం లేత ఎర్రరక్తకణాలను ఆశ్రయిస్తుంది. ఎర్రరక్తకణాలను రోగనిరోధక వ్యవస్థలోని టి-కణాలు గుర్తించలేవన్న పాత భావనకు భిన్నంగా, వైవాక్స్ సోకిన లేత కణాలను సిడి8 టి-కణాలు చంపుతాయని 2018లో వెల్లడైంది.

కోయల వంటి గిరిజన సమూహాల్లో కనిపించే సికిల్ సెల్ జన్యువు ఒకే తల్లిదండ్రి నుంచి వస్తే తీవ్ర ఫాల్సిపరం మలేరియా నుంచి చాలావరకు కాపాడుతుంది. ఇద్దరి నుంచీ వస్తే రక్తహీనత కలుగుతుంది, ప్లీహం దెబ్బతిని న్యుమోకాకస్ వంటి బాక్టీరియా సోకే ముప్పు పెరుగుతుంది. టీకాతోనూ మలేరియా నుంచి రక్షణ పొందవచ్చు: పుణె సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసే ఆర్21 మలేరియా టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 అక్టోబరులో సిఫారసు చేసింది.