పదును దాటకముందే

(ఇది ఒక్క తల్లి కథ కాదు. అనంతపురం మెట్టనేలల్లో ఎదురుకాళ్ల బిడ్డను మోసే తల్లులకు ఎదురయ్యే రోజుల్ని ఒకచోట చేర్చి అల్లింది. అందుకే ఇందులో ఎవరికీ పేరు పెట్టలేదు. వైద్యం సంగతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాం.)

జూన్ 9. కళ్యాణదుర్గం దాపున ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. వరండా నిండా గర్భిణులు. 2016 నుంచి ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులను డాక్టర్లు ఉచితంగా పరీక్షించే ఏర్పాటు ఉంది. ఆ వరసలో ఆమె కూర్చుని ఉంది. రెండో కాన్పు. ముప్పై నాలుగో వారం. భర్త బెంగళూరులో సెంట్రింగ్ పనికి పోయాడు. వాన పడితే శెనిక్కాయ విత్తనానికి వస్తానని చెప్పి పోయాడు.

ఏఎన్ఎం రెండు అరచేతులూ రుద్దుకుని, వెచ్చబడ్డాక ఆమె కడుపు మీద పెట్టింది.

"బిడ్డ యాడ తంతాంది తల్లీ?"

"కిందనే మేడమ్. ఊరికూరికే ఒంటేలుకు లేయాల్సొస్తాంది. పైన, ఈ ఎముకల కింద మాత్రం ఏదో గట్టిగా, రాయి మాదిరి తగుల్తాంది."

ఏఎన్ఎం వేళ్లు అక్కడే ఆగాయి. గుండ్రంగా, గట్టిగా ఉంది. అటూ ఇటూ కదిపితే బంతిలా ఊగుతోంది. గుండె చప్పుడు బొడ్డుకు పైన వినబడుతోంది.

"తల పైనుండాది. పిర్రలు కిందుండాయి. ఇప్పుడే భయపడేది లేదు. రెండు వారాలాగి మళ్లీ రా. తప్పకుండా రావాల."

ఆ చివరి మాటను ఆమె రెండుసార్లు చెప్పింది.

భయపడక్కర్లేదన్నది వట్టి ఓదార్పు కాదు. ఏడో నెలలో నలుగురైదుగురు గర్భిణుల్లో ఒకరి బిడ్డ ఇలాగే తల పైకి పెట్టుకుని ఉంటుంది. నెలలు నిండేసరికి అలా మిగిలేది నూటికి ముగ్గురో నలుగురో. మిగతా బిడ్డలు ఉమ్మనీటిలో వాటంతటవే మొగ్గ వేసి తల కిందికి దించుకుంటాయి. తిరగడానికి నీళ్లు కావాలి, చోటు కావాలి. నెలలు నిండేకొద్దీ బిడ్డ పెరుగుతుంది, నీళ్లు తగ్గుతాయి.

ఈ సంగతి అనంతపురం రైతుకు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప అనుకునే నేల ఇది. ఎర్రనేలలో పదును నాలుగు రోజులకు మించి నిలవదు. ఆ నాలుగు రోజుల్లోనే గొర్రు కట్టాలి. దాటితే ఎంత మంచి విత్తనమైనా మట్టిపాలే.

ఇంట్లో అవ్వకు విషయం తెలిసింది. ఆమె ఒకప్పుడు మంత్రసాని. ఊళ్లో సగం మంది ఆమె చేతుల మీదే పుట్టారు.

"దీనికి ఆసుపత్రెందుకు? ఇంత ఆముదం పెట్టి నేను తిప్పుతా. ఒగవేళ ఎదురుకాళ్లతో పుట్టినా ఏం? అట్లా పుట్టినోళ్లు తొక్కితే నడుంపట్టు పోతాది. ఊరంతా మనింటికే వస్తాది."

ఎదురుకాళ్లతో పుట్టినవారి పాదానికి మన పల్లెలు ఇచ్చిన గౌరవం అది. దాని వెనక ఒక భయం దాగి ఉందని నాకు అనిపిస్తుంది. కాళ్లు ముందొచ్చి కూడా బతికి బట్టకట్టడం అరుదైన చోటనే, అలా బతికినవారిలో ఏదో మహిమ ఉందని జనం నమ్మి ఉంటారు. సుశ్రుత సంహిత ఇలా అడ్డుపడే పురుళ్లకు మూఢగర్భమని పేరు పెట్టి, ఏది ముందొస్తే ఏం చేయాలో చెప్పింది. అంత పాతది ఈ దిగులు.

బిడ్డ ఒంట్లో అన్నిటికన్నా పెద్దదీ గట్టిదీ తల. అది ముందొస్తే మిగతా ఒళ్లు సులువుగా జారుతుంది. అదే చివర మిగిలితే ఇరుక్కోవచ్చు. ఆ కొద్ది నిమిషాల్లో బొడ్డుపేగు నలిగితే బిడ్డకు ఊపిరి అందదు. 2000లో లాన్సెట్ పత్రిక 26 దేశాల్లో 2,088 మంది తల్లులతో జరిగిన పరిశోధనను ప్రచురించింది. ముందే నిర్ణయించుకుని సిజేరియన్ చేసిన వర్గంలో బిడ్డ చనిపోవడమో తీవ్రంగా దెబ్బతినడమో జరిగింది నూటికి 1.6 మందికి. మామూలు కాన్పు కోసం చూసిన వర్గంలో అది 5. అప్పటినుంచి చాలాచోట్ల ఎదురుకాళ్లంటే కోతే అన్నది రివాజు అయింది. ఆ కోత ఎందరో బిడ్డలను కాపాడింది, కాదనలేం. కానీ వంగి కలుపు తీసి, శెనిక్కాయ చెట్లు పీకి బతికే ఆడమనిషికి కడుపు మీద కుట్లు చిన్న సంగతి కాదు. తర్వాతి కాన్పుకూ ఆ మచ్చ తోడొస్తుంది.

ఊరి ఆశా కార్యకర్త (అందరికీ ఆశ అక్క) వచ్చి అవ్వ పక్కన కూర్చుంది.

"అవ్వా, నీ చేతుల్ని నేను తప్పుబట్టను. కానీ లోపల మావి యాడుందో నీకు కనపడదు గదా. ఒత్తినప్పుడు అది ఊడిందంటే తల్లీ బిడ్డా ఇద్దరూ పోవచ్చు. నొప్పులొచ్చినాక 108కు ఫోన్ చేసేదానికన్నా ఇప్పుడే బస్సెక్కేది మేలు."

అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆముదం గిన్నె తీసి గూట్లో పెట్టింది.

పక్కింటావిడ మోకాళ్ల మీద వంగి నడుము ఎత్తి ఉండమంది. అలా చేస్తే బిడ్డ తిరుగుతుందని గట్టిగా చెప్పగల రుజువు లేదు. చైనాలో కాలి చిటికెన వేలి దగ్గర మూలికల సెగ చూపిస్తారు. 1998లో అక్కడి జియాంగ్షీలో 260 మంది తొలిచూలు తల్లులతో చేసిన పరిశీలనలో మంచి ఫలితం కనిపించింది. తర్వాతి పరిశీలనల్లో ఒకచోట వచ్చింది మరోచోట రాలేదు. ఆసుపత్రిలో డాక్టర్లు చేతులతో బయటినుంచి తిప్పడానికి ఉన్నంత బలమైన రుజువు మిగతా వేటికీ లేదు.

ముప్పై ఆరో వారంలోనూ తల పైనే ఉంది. ముప్పై ఏడో వారంలో ఆమె, ఆశ అక్క దాదాపు 60 కిలోమీటర్లు బస్సులో కూర్చుని అనంతపురం చేరారు. స్కానింగ్‌లో డాక్టరమ్మ ఒక్కొక్కటే చూసింది. బిడ్డ ఒక్కటే. మావి పైన ఉంది. ఉమ్మనీరు సరిపడా ఉంది. రక్తస్రావం లేదు. పాత ఆపరేషన్ లేదు.

"చేత్తో బయటినుంచి తిప్పి చూస్తానమ్మా. తొలిచూలు వాళ్లలో పదిమందికి నలుగురు, నీలాగా ముందు కాన్పైన వాళ్లలో ఆరుగురు బిడ్డలు తిరుగుతారు. రెండొందల మందిలో ఒకరికి మాత్రం అప్పటికప్పుడు ఆపరేషన్ అవసరం పడొచ్చు. అందుకే పక్కన థియేటర్ సిద్ధంగా ఉంచినాం. నీకు ఇష్టమైతేనే చేస్తా. నొప్పనిపించి ఆపమంటే వెంటనే ఆపేస్తా."

ఆమె తలూపింది.

ముందు బిడ్డ గుండె చప్పుడు కాసేపు యంత్రం మీద నమోదు చేశారు. గర్భసంచి బిగువు సడలడానికి టెర్బుటలిన్ ఇంజెక్షన్ వేశారు. ఆమె గుండె దడదడలాడింది. డాక్టరమ్మ ఒక చేత్తో కింద పిర్రలను కటి ఎముకల నుంచి పైకి లేపింది. రెండో చెయ్యి తల మీద. పిర్రలను పక్కకు నెడుతూ, తలను కిందికి వంచుతూ, బిడ్డ ముందుకు మొగ్గ వేసేలా మెల్లగా దారి చూపింది. సగం దూరం వచ్చి బిడ్డ వెనక్కి జారిపోయింది. చేతులు తీసేసి, స్కాన్‌లో గుండె చూసి, కొంచెం ఆగారు.

"ఇంగోసారి చూద్దామా?"

"చూడండి మేడమ్."

ఆమె పళ్లు బిగబట్టింది. ఆశ అక్క చెయ్యి పట్టుకుంది. ఈసారి కడుపు అడ్డంగా సాగింది. లోపల ఏదో పెద్ద చేప ఒక్కసారి ఒళ్లు విరుచుకున్నట్టయింది. పక్కటెముకల కింద ఇన్నాళ్లూ పొడుచుకుంటూ వచ్చిన రాయి అక్కడ లేదు.

మళ్లీ యంత్రం పెట్టి గుండె చప్పుడు చాలాసేపు విన్నారు. ఆమె రక్తం పాజిటివ్ గ్రూపు. నెగటివ్ అయ్యుంటే యాంటీ-డి ఇంజెక్షన్ కూడా వేసేవారు. నొప్పిగానీ రక్తంగానీ కనబడినా, బిడ్డ కదలిక తగ్గినా వెంటనే రావాలని చెప్పి సాయంత్రం పంపించారు.

తిరగని బిడ్డలూ ఉంటారు. అది తల్లి తప్పు కాదు, డాక్టరు తప్పూ కాదు. అలాంటప్పుడు సిజేరియన్‌కు తేదీ ముందే తెలుస్తుంది, నెత్తురు సిద్ధంగా ఉంటుంది, తోడుకు మనుషులుంటారు. అర్ధరాత్రి నొప్పులతో మట్టిరోడ్డు మీద తెలుసుకోవడం వేరు, వారాల ముందు తెలుసుకోవడం వేరు. గర్భిణి ఉన్న ప్రతి ఇంటివాళ్లూ ముప్పై ఆరో వారం పోనివ్వకుండా అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: బిడ్డ తల ఎక్కడుంది?

బస్సు ఊరు చేరేసరికి చినుకులు మొదలయ్యాయి. రాత్రంతా కురిసింది. తెల్లవారుజామున బెంగళూరు నుంచి ఫోను.

"వాన పడిందంటనే? పదునైందా?"

"అయింది. ఈపొద్దే బయల్దేరు."

"మరి బిడ్డ?"

ఆమె ఫోను అవ్వకిచ్చింది. అవ్వ జవాబు చెప్పే ముందు మనవరాలి కడుపు మీద అరచెయ్యి ఆనించింది. ఒత్తలేదు. పైన మెత్తగా ఉంది. కింద, పొత్తికడుపు దగ్గర, గుండ్రంగా, గట్టిగా తగిలింది. వందల తలలను అందుకున్న చెయ్యి అది. తల తెలియకపోవడమెట్లా!

"దిగింది నాయనా," అంది అవ్వ. "తల కిందికి దిగింది."