పంపుకు ముందు చెక్క: కోయంబత్తూరు పట్టరల్లో మనోళ్ల జిగ్గులు

కోయంబత్తూరు తెలుగువాళ్ల చరిత్ర రాయమంటే మనోళ్లు ఎక్కువగా విజయనగరంతోనో, మదుర నాయకులతోనో మొదలుపెడతారు. కొంచెం దగ్గరి కాలానికి వస్తే మిల్లులు, మోటార్లు, పంపులు. ఆ పంపు ఇనుములో పోతపోయక ముందు చెక్కలో తయారైందనీ, ఆ చెక్కను కోయడానికి పట్టరలో ఎవరికి వాళ్లు సొంతంగా సాధనాలు చేసుకున్నారనీ రాసినవాళ్లు తక్కువ. మా ఇంట్లో రెండు తరాలు ఆ పని మీదే బతికాం గనక, ఈసారి ఆ సాధనాల గురించి రాస్తున్నాం. వాటిని పట్టరలో జిగ్గులు అంటాం. కోసేది మిషను. చెక్కను ప్రతిసారీ అదే చోట, అదే కోణంలో పట్టి ఉంచేది జిగ్గు. మిషను కొనుక్కోవచ్చు, మనకు కావలసిన జిగ్గు మాత్రం అంగట్లో దొరకదు.

ఇదంతా నీళ్లతో మొదలైంది. నాయకుల కాలంలో ఇటు వచ్చిన మన పెద్దోళ్లు చాలామంది నల్లరేగడి చూసి నిలబడ్డారు. రేగడిలో పత్తి పండుతుంది, కానీ కోయంబత్తూరు వైపు వాన తక్కువ. పశ్చిమ కనుమలు మబ్బుల్ని ఆపేస్తాయి. కాబట్టి బావి తవ్వాలి, లోతుగా తవ్వాలి. ఎద్దులు, మోకు, తోలు తొండం, చెక్క గిలక ఉన్న కపిలెతో నీళ్లు తోడేవాళ్లు. తమిళంలో దాన్నే కవలై అంటారు. 1932-33 ప్రాంతంలో నీలగిరుల్లోని పైకారా నుంచి కరెంటు దిగాక మిల్లులు పెరిగాయి, పొలాల్లో కపిలె ఉన్న చోటికి మోటారు పంపు రావడం మొదలైంది. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం నాయుడు కలిసి పీలమేడులో చేసిన మోటారును దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారుగా చెప్పుకుంటారు. 1926లో మొదలైన పి.ఎస్.జి. అండ్ సన్స్ చారిటీస్ వాళ్ల పారిశ్రామిక శిక్షణ సంస్థ నుంచి చేతిపని నేర్చిన కుర్రాళ్లు బయటికి వచ్చారు. పీలమేడు, గణపతి, ఆవారంపాళెం వీధుల్లో ఫౌండ్రీలు, లేతు పట్టరలు పుట్టాయి. వీళ్లందరి పేర్లూ పుస్తకాల్లో ఉన్నాయి, మళ్లీ చెప్పక్కర్లేదు.

పుస్తకాల్లో లేనిది ప్యాటర్న్ పట్టర. పంపు బాడీ పోతపోయాలంటే ముందు అదే ఆకారంలో చెక్క నమూనా కావాలి. దాన్ని ఇసుకలో పెట్టి దట్టించి, పైకి తీసేస్తే మిగిలే ఖాళీలో కరిగిన ఇనుము పోస్తారు. పంపు లోపల నీళ్లు నడిచే బోలు రావాలంటే ఇసుకతోనే ఒక గట్టి ముద్ద చేసి ఆ ఖాళీలో కూర్చోపెట్టాలి. అదే కోరు. ఆ ముద్దను తీర్చే పెట్టె కోరు బాక్సు, అదీ చెక్కదే. ఈ పని మనోళ్ల సొంత విద్య అని గొప్పలు చెప్పుకుంటే అబద్ధం. డబ్బు, షెడ్డు, ఆర్డర్లు మనోళ్లవి అయిన చోట కూడా ఉలి పట్టింది చాలా వరకు తమిళ ఆసారులు. మా తాతయ్య వ్యవసాయం నుంచి వచ్చినవాడు, ఒక ఆసారి పక్కన కూర్చునే నేర్చుకున్నాడు. అందుకే మా పట్టర మాటల్లో సగం తమిళం. పట్టర అన్న మాటే తమిళ పట్టరై.

ఇక మొదటి జిగ్గు. దాన్ని చూసినవాళ్లెవరూ అది సాధనం అనుకోరు. ఒక ప్లైవుడ్ పలక, దాని మీద ఒక అడ్డగీత, అదే మూల నుంచి పైకి వాలుగా పోయే మూడు గీతలు, చివర్న 71, 81, 108 అని అంకెలు. లెక్క ఇదీ. పోత ఇనుము చల్లారేటప్పుడు సుమారు నూటికి ఒక వంతు కుంచించుకుపోతుంది. 500 మిల్లీమీటర్ల వస్తువు కావాలంటే ప్యాటర్న్ 505 ఉండాలి. ప్రతి కొలతకూ ఒక శాతం కలుపుకుంటూ కూర్చుంటే తప్పులు రాక మానవు. అందుకని ఒక శాతం సాగదీసిన స్కేలు వాడతారు. అలాంటి స్కేళ్లు కొనుక్కోవచ్చు, కానీ ఒక్కో లోహానికి ఒక్కోటి కావాలి. మా పలక మీద అడ్డగీత 500 మి.మీ. దాని చివర నిలువుగా 71 మి.మీ. లేపి, ఆ కొసను ఇవతలి మూలకు కలిపితే వచ్చే వాలుగీత పొడవు సరిగ్గా 505. మామూలు ఉక్కు స్కేలును అడ్డగీత మీద పెట్టి, మూలమట్టంతో ఒక్కో గీతనూ నిలువుగా వాలుగీత దాకా లాగితే చాలు, ప్రతి మిల్లీమీటరూ ఒక శాతం సాగుతుంది. ఒక బద్దను ఆ వాలు మీద ఆనించి ఆ గుర్తులు దించుకుంటే ఇనుముకు స్కేలు తయారైనట్టే. 81 దగ్గరి గీత అల్యూమినియంకి, దానికి 1.3 శాతం లెక్క. 108 మరీ తమాషా. ఎక్కువ పోతలు పోసే వస్తువుకు చెక్క ప్యాటర్న్ అరిగిపోతుంది, అందుకని దాన్నుంచి ముందు అల్యూమినియం ప్యాటర్న్ పోస్తారు, దాన్నుంచి ఇనుప వస్తువులు. మొదటి చెక్కకు రెండు కుదింపులూ కలిపి 2.3 శాతం పెంచాలి. పైథాగరస్ పేరు మా తాతయ్య విన్నాడో లేదో గానీ, పలక మీద కొలత మాత్రం మిల్లీమీటరు తేడా లేకుండా ఉంది.

కోరు బాక్సు పని ఇంకా ఇష్టమైనది, దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాం. పైపులాంటి గుండ్రటి కోరు కావాలంటే రెండు చెక్కల్లో చెరో అర్ధవృత్తపు గాడి తీయాలి. పూర్తిగా ఉలితో తీస్తే ఒక పూట పోతుంది. సర్క్యులర్ రంపం నేరుగా కోస్తుంది, గుండ్రంగా కోయదు. ఉపాయం ఏందంటే, చెక్కను రంపానికి నేరుగా కాకుండా ఏటవాలుగా, పక్కనుంచి తోయడం. రంపపు చక్రం అడ్డంగా ఆ చెక్కను తొలుస్తుంది, గాడి పడుతుంది. ఎంత ఏటవాలు? అది తేల్చడానికి నాలుగు బద్దల చట్రం ఒకటి ఉండేది. రెండు పొడుగు బద్దలు, రెండు పొట్టి బద్దలు, నాలుగు మూలల్లో బోల్టులు. పొడుగు బద్దలు ఎప్పుడూ సమాంతరంగా ఉంటాయి, మధ్య దూరం మాత్రం మారుతుంది. గాడి ఎంత వెడల్పు కావాలో అంత దూరంలో బోల్టులు బిగించి, రంపాన్ని గాడి లోతు ఎంతో అంత పైకి లేపి, మిషను ఆపి ఉండగా చట్రాన్ని రంపం చుట్టూ పెట్టి తిప్పాలి. ముందు పన్ను ఒక బద్దను, వెనక పన్ను రెండో బద్దను తాకిన చోట ఆగాలి. అదే కోణం. ఆ కోణంలో టేబుల్ మీద ఒక దుంగను బిగిస్తే కంచె అయింది. 10 అంగుళాల రంపంతో 100 మి.మీ. వెడల్పు, 50 మి.మీ. లోతు గాడికి ఆ కోణం ఇంచుమించు 30 డిగ్రీలు వస్తుంది.

తర్వాత రంపాన్ని బాగా కిందికి దించి, ఒక్కో తోపుకు మిల్లీమీటరో ఒకటిన్నరో లేపుకుంటూ పోవాలి. ఒకేసారి లోతుగా కోస్తే చెక్క ఎగిరి తంతుంది. ఇట్లా వచ్చిన గాడి నిజమైన అర్ధవృత్తం కాదు. ఏటవాలుగా చూసిన చక్రం కోడిగుడ్డులా కనబడుతుంది గదా, అదే ఆకారం. పైన చెప్పిన కొలతల్లో సగం లోతు దగ్గర ఒక్కో పక్కన సుమారు 6 మి.మీ. చెక్క మిగిలిపోతుంది. దాన్ని గుండ్రటి ఉలితో తీయాలి. ఎక్కడ ఆపాలో చెప్పేది మూలమట్టం. దాని మూలను గాడిలో పెట్టి, రెండు చేతులూ గాడి రెండు అంచుల మీద ఆనించి అటూ ఇటూ ఊపితే, మూల అడుగంతా తాకుతూ పోవాలి. అర్ధవృత్తంలో ఇమిడే కోణం ఎప్పుడూ లంబకోణమే, అందుకని ఇది తప్పదు. బడిలో మేము ఆ సిద్ధాంతం బట్టీపట్టిన సాయంత్రమే పట్టరలో దాన్ని చేత్తో పట్టుకున్నాం. ఏది ముందు అర్థమైందో వేరే చెప్పాలా?

మిగతావి త్వరగా చెప్పేస్తాం. ఇసుకలోంచి ప్యాటర్న్ పైకి లేచేటప్పుడు ఇసుక గోడ రాలకూడదు, అందుకని నిలువు ముఖాలన్నీ కొంచెం వాలుగా ఉండాలి. దీనికోసం డిస్క్ సాండర్ టేబుల్ మీద 200 మి.మీ. పలక ఒకటి, దాని ఒక అంచు కింద 5 మి.మీ. బద్ద మేకుతో కొట్టి పెట్టేవాళ్లు. దాదాపు డిగ్రీన్నర వాలు. ఆ పలక మీద ఏది రుద్దినా వాలు దానంతట అదే వచ్చేది. బ్యాండ్ సా మీద గుండ్రాలు కోయడానికి జరిగే బద్ద, దాని మీద మొన తేలిన మేకు. మేకు రంపపు పళ్ల వరసకు సరిగ్గా ఎదురుగా ఉండాలి, ముందుకో వెనక్కో జరిగితే రంపం పక్కకు లాగి గుండ్రం కలవదు. లేతు మీద రెండు సగాలుగా విడిపోయే ప్యాటర్న్ కావాలంటే రెండు చెక్కల మధ్య వార్తాపత్రిక ముక్క పెట్టి జిగురు వేసి, తిప్పడం అయ్యాక ఉలి పెట్టి ఒక్క దెబ్బ కొడితే కాగితం దగ్గరే విడిపోతుంది. ఇది జిగ్గు అనొచ్చో లేదో గానీ, ఇంతకంటే చవకైన సాధనం ఇంకోటి లేదు.

వేళ్ల సంగతి చెప్పకుండా దాటేయలేం. మా చిన్నతాత కుడిచేతి చూపుడు వేలు సగమే ఉండేది. ఆ కాలంలో పట్టరల్లో అది అరుదేమీ కాదు, పెళ్లిచూపుల్లో కూడా ఎవరూ ఆశ్చర్యపోలేదట. ఆ తర్వాతే మా రంపం పక్కన రెండు వస్తువులు వేలాడాయి. ఒకటి చెక్కను తోసే కర్ర, కొసన పిట్టముక్కులా కోత. రెండోది దువ్వెన లాంటి పలక. ఒక చివర ఏటవాలుగా కోసి, అందులో వరసగా సన్నటి చీలికలు పెడతారు. ఆ పళ్లు చెక్కను కంచెకు ఒత్తి ఉంచుతాయి, ముందుకు పోనిస్తాయి, వెనక్కి మాత్రం రానివ్వవు. తోసే కర్రల్ని మాత్రం కావాలనే మెత్తటి చెక్కతో చేసేవాళ్లు. రంపం తింటే కర్రను తిననీ అని.

ఇప్పుడు మాకు అన్నిటికంటే ముఖ్యమైన సంగతికి వస్తున్నాం. ఈ జిగ్గుల వెనక పెన్సిలు రాతలున్నాయి. భాష తెలుగు, లిపి తమిళం. మా తాతల తరం ఇంట్లో తెలుగు మాట్లాడింది, బడిలో తమిళం చదివింది. తెలుగు అక్షరాలు మాకే లేటుగా వచ్చాయి. తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం, ప, బ లకూ అంతే. బద్ద అని రాసింది పత్త అని చదువుకోవచ్చు. గాడి తీసే చట్రం వెనక రాసిన మాటను మా పిల్లలు కాడి అని చదివి, ఎద్దుల కాడికీ దీనికీ సంబంధం ఏంటని అడిగారు. రేగడి పొలం నుంచి పట్టరకు వచ్చిన ఇంట్లో అది మరీ తప్పుడు ప్రశ్న కూడా కాదు. ఒక దాని మీద ఒకే వాక్యంలో రెండు భాషలున్నాయి, సగం ఆసారిది, సగం తాతయ్యది. పెళ్లి పత్రికలు, పొలం దస్తావేజులు అన్నీ తమిళంలోనో ఇంగ్లీషులోనో ఉన్న మా ఇంట్లో, ఆ తరం తన చేత్తో తెలుగు మాట రాసుకున్న చోటు దాదాపు ఇదొక్కటే.

ఇప్పుడు ప్యాటర్న్లు కంప్యూటర్ మిషన్ల మీద కోస్తున్నారు, కొన్నిటిని ప్రింటు తీస్తున్నారు. అది మంచికే. పంపు రెక్కల ఒంపు చేత్తో అంత కచ్చితంగా రాదు, వేళ్లూ మిగులుతాయి. మా అన్న కొడుకు అదే పని చేస్తున్నాడు. ప్రింటు కొట్టే ముందు వాడు ఒక గడిలో 101 అని టైపు చేస్తాడు. పలక తీసుకెళ్లి 71 గీత చూపించాక, ఆ ఒక శాతం ఎక్కడినుంచి వచ్చిందో వాడికి మొదటిసారి కంటికి కనబడింది. ఇనుము ఇప్పటికీ అంతే కుంచించుకుంటోంది గదా.

కాకపోతే పాత పట్టరలు మూతపడుతున్నాయి. షెడ్డు ఖాళీ చేసేటప్పుడు మిషన్లకు తూకం ధర పలుకుతుంది, జిగ్గులు మాత్రం వేణ్ణీళ్ల పొయ్యి కిందికి పోతాయి. ఏ పనికో తెలియని చెక్క ముక్కలుగా కనబడటమే వాటి ఖర్మ. పీలమేడులో గానీ, ఆవారంపాళెంలో గానీ, రాజపాళెం, కోవిల్‌పట్టి వైపు గానీ మన బంధువుల ఇళ్లలో అలాంటి షెడ్డు ఉంటే, పాతసామాన్ల వాణ్ణి పిలిచే ముందు పలకల్ని ఒకసారి తిరగేసి చూడండి. ముందు వైపు చెక్క రాసుకుని అరిగిపోయి ఉంటుంది, రాత ఎప్పుడూ వెనకే ఉంటుంది. రెండు వైపులా ఫొటో తీసి, పక్కన ఒక స్కేలు పెట్టండి. అంకెలున్న చోట కొలిచి రాసుకోండి. చదివేటప్పుడు క అని ఉంటే గ అనీ, ప అని ఉంటే బ అనీ ఒకసారి పలికి చూడండి.