జంట కావలివాండ్ర నాడి

1988 నవంబరులో మోరిస్ వర్మ్ వేలాది కంప్యూటర్లను స్తంభింపజేసిన పిమ్మట ఫైర్‌వాల్ అను కావలియంత్రమునకు గిరాకి పెరిగినది. కాని కావలివాడు ఒక్కడే అయినచో, అతడు కూలిన దినమున వాకిలియే మూతపడును గదా! కనుక జంటను నిలిపిరి.

కొత్తగూడ చేరువ సైబర్ టవర్స్‌ను ప్రధాని వాజపేయి ప్రారంభించిన 1998లోనే, ఏప్రిల్ మాసమున, జంటలో ఒకటి చెడిన రెండవది పని నందుకొను వి.ఆర్.ఆర్.పి. పద్ధతి ప్రకటితమైనది. రౌటర్లకై పుట్టిన ఈ పద్ధతిని ఫైర్‌వాల్‌లును చేపట్టినవి. ప్రధానయంత్రము సాధారణముగా సెకనుకొకసారి "ఉన్నాను" అని చాటును. మూడు సెకనులకు పైగా ఆ మాట వినరానిచో రెండవది పీఠమెక్కును.

చిక్కంతయు ఇక్కడనే. నడుమ తీగ తెగినను మౌనమే! అప్పుడు ఒకే చిరునామాకు ఇరువురు యజమానులు. అందుచే తరువాతివారు రెండవ తీగ వేసిరి. సాగుచున్న సంభాషణల పట్టీ ఇరువురివద్ద సరిపోలుచున్నదా అనియు పరీక్షింపసాగిరి. పట్టీ పాతబడినచో, రెండవ యంత్రము నిక్షేపముగా నున్నను, ఆ సంభాషణలు తెగిపోవును.