న్యూయార్కు నగరము - కార్మిక పరిహార శాసనము



బావి త్రవ్వుచుండగా మట్టిపెళ్ల విరిగి కూలివానిపై బడినచో, "తప్పెవ్వరిది?" యని విచారింతుమా, "వాని బిడ్డల గతియేమి?" యని విచారింతుమా? అమెరికాలోని న్యూయార్కు నగరమును ఒకప్పుడీ ప్రశ్నయే కలచివైచినది.

పూర్వమచ్చట గాయపడిన కార్మికుడు న్యాయస్థానమునకు బోగా, యజమానికి మూడు సమాధానములు సిద్ధముగ నుండెడివి: అపాయమెరిగియే పనిలో జేరితివి, నీ యజాగ్రత్తయు గలదు, తప్పు నీ తోటి పనివానిది. వీనిలో నొక్కటి నెగ్గినను పరిహారము దక్కదు. 1910లో న్యూయార్కు రాష్ట్రము, అపాయకరములైన కొన్ని పనులలో యజమాని తప్పు లేకున్నను పరిహారమీయవలెనని శాసించెను. 1911 మార్చి 24న రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానము, తప్పు లేనివాని సొమ్ము గైకొనుట రాజ్యాంగవిరుద్ధమని యా శాసనమును గొట్టివేసెను.

మరునాడే నగరమందలి ట్రయాంగిల్ కుట్టుకర్మాగారమున అగ్ని చెలరేగెను. ఒక తలుపునకు తాళము వేసియుండెను. 146 మంది మరణించిరి. వారిలో పెక్కురు పొట్టకూటికై వలసవచ్చిన పడుచులు. ఏప్రిల్ 5న లక్షలాది పౌరులు వానలో తడియుచు వీథులలో సంతాపము దెలిపిరి. డిసెంబరులో యజమానులు నిర్దోషులని విడువబడిరి. దోషమునే వెదకు న్యాయము అనాథల కన్నము పెట్టజాలదని జనులకు దెల్లమయ్యెను.

నగరపు దుఃఖము పరిహారవాదమునకు బలము చేకూర్చెను. 1913 నవంబరులో రాష్ట్రప్రజలు వోట్లు వేసి రాజ్యాంగమునే సవరించిరి. 1914 జూలైలో నూతన శాసనము అమలులోనికి వచ్చెను. 1917లో అమెరికా సుప్రీంకోర్టు దానిని సమర్థించెను. మనదేశమునను 1923లో ఇట్టి శాసనము వెలసినది.

చొక్కా వెలలో నూలు వెల చేరినట్లే, దానిని గుట్టిన చేతికి గలిగిన నష్టమును జేరవలెననుటయే యీ శాసనముల ధర్మము.