పూలజడ ఫోటో

బ్లాక్ అండ్ వైట్ కాలంలో కృష్ణా జిల్లా పల్లెల ఫ్యాషన్‌కు సాక్ష్యం స్టూడియో ఫోటోల్లో దొరుకుతుంది. రిచర్డ్ ఎవెడాన్ ‘హార్పర్స్ బజార్’ కోసం, ఇర్వింగ్ పెన్ ‘వోగ్’ కోసం మోడళ్లను ఫోటోలు తీస్తున్న ఆ దశాబ్దాల్లోనే, ఇక్కడ కొత్త పెళ్లికూతురో, కొత్తగా ఓణీ వేసిన పిల్లో, పెళ్లిచూపులకు ఫోటో పంపాల్సిన అమ్మాయో కెమెరా ముందు నిలబడేది. ఆ ఫోటో ఫ్రేము కట్టించుకుని వసారా గోడకు చేరేది.

తెలుగు నేలపై ఈ పద్ధతికి పాత మూలాలున్నాయి. రాజా దీన్‌దయాళ్ 1886లో సికిందరాబాద్‌లో స్టూడియో తెరిచాడు. ఘోషా స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో పెట్టి, దాని నిర్వహణను కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల వనితకు అప్పగించాడు. నగలతో, పట్టుబట్టలతో నిలబడి చిత్రం తీయించుకోవడం మొదట నవాబుల, జమీందారుల ముచ్చట. సామాన్య రైతు కుటుంబాలకు అది అందింది స్వాతంత్ర్యం తర్వాతే అనవచ్చు.

ఉదాహరణకు, గంపలగూడెం కట్టలేరు ఒడ్డున, అప్పటి కృష్ణా జిల్లా ఉత్తరపు అంచున ఉన్న ఊరు. 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. పొరుగునే ఉన్న మధిర 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రానిది. అలాంటి సరిహద్దు పల్లెలకు కూడా కొత్త వేషాలను మోసుకొచ్చింది సినిమా. పైగా ఆ తారలు పరాయివాళ్లు కారు. నిమ్మకూరు ఎన్టీ రామారావుది, గుడివాడ దగ్గరి రామాపురం అక్కినేనిది, ఇద్దరిదీ ఇదే జిల్లా. సావిత్రి పుట్టిన చిర్రావూరు కృష్ణకు ఆవలి ఒడ్డున ఉంది. ‘దేవదాసు’ (1953) తర్వాత లాల్చీ, శాలువా, ‘మిస్సమ్మ’ (1955) కాలంలో బుట్టచేతుల జాకెట్టు యువతీయువకులకు నమూనాలయ్యాయి. ‘మిస్సమ్మ’కు ఛాయాగ్రాహకుడైన మార్కస్ బార్ట్‌లీ వెలుగునీడల పనితనం స్టూడియోవాళ్లకు మంచి పాఠం. తల వెనక నుంచి ఒక దీపం వేసి జుట్టు అంచును మెరిపించడం సినిమా స్టిల్స్ చూసి ఎవరైనా పట్టుకోగల కిటుకు. 1966లో ‘విజయచిత్ర’ మాసపత్రిక వచ్చాక ఆ స్టిల్స్ మరింత చేరువయ్యాయి.

స్టూడియో సరంజామా ఇంచుమించు అన్నిచోట్లా ఒక్కటే: మెట్లో, తోటో, తాజ్‌మహలో గీసిన తెర, టీపాయ్, ప్లాస్టిక్ పూలు, ఒక్కోసారి వైరు లేని టెలిఫోను. కరెంటు లేనిచోట పైకప్పు అద్దాల నుంచి దిగే పగటి వెలుతురే ఆధారం. పాత ఆర్థోక్రొమాటిక్ ప్లేట్లకు ఎరుపు కనబడదు. కుంకుమ, పెదవులు, ఎర్రచీర అన్నీ నల్లగా పడేవి. పాంక్రొమాటిక్ ఫిల్మ్ ఆ లోపాన్ని తీర్చింది. అయినా బ్లాక్ అండ్ వైట్‌లో రంగు కంటే అంచే ముఖ్యం. లేత చీరకు ముదురు అంచు ఉంటే బొమ్మ బాగా తేలుతుంది. మొహం మీది మచ్చల్ని నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో మాయం చేసేవారు. కావాలంటే ప్రింటు మీద చీరకూ, నగలకూ రంగులద్దేవారు.

ఈ కాలపు అసలైన ముచ్చట మాత్రం పూలజడ ఫోటో. వేసవిలో మల్లెలు విరగబూసినప్పుడు మొగ్గల్ని సూదీ దారంతో జడ పొడవునా కుట్టి, నడుమ కనకాంబరాలు, మరువం పొదిగి, చివర జడగంటలు కట్టేవారు. తలమీద పాపిటబిళ్ల, సూర్యుడు, చంద్రవంక, నడుముకు వడ్డాణం. మొగ్గలు సాయంత్రానికి విచ్చుకుంటాయి కనుక ఆలోపే స్టూడియో చేరాలి. చిక్కల్లా మొహమూ జడా ఒకే బొమ్మలో పడాలనడం దగ్గర వచ్చింది. పిల్లను నిలువుటద్దానికి వీపు పెట్టి నిలబెట్టడం దానికి పరిష్కారం. అద్దానికి ఆమె ఎంత దూరంలో ఉంటే, ప్రతిబింబం అద్దం వెనక అంతే దూరంలో ఉన్నట్టు లెన్సు చూస్తుంది. మొహానికి ఫోకస్ పెడితే జడ మసకబారుతుంది, జడకు పెడితే మొహం. అందుకని రెంటి నడుమ ఫోకస్ నిలిపి, లెన్సు రంధ్రం బాగా తగ్గించి, ఎక్కువసేపు వెలుతురు పట్టనివ్వాలి. అంతసేపూ పిల్ల కదలకూడదు! కెమెరా, ఫోటోగ్రాఫరు అద్దంలో పడకుండా అద్దాన్ని ఓరగా తిప్పాలి కూడా. ఆ ఫోటోల్లో చాలామంది పిల్లల మొహాలు బిగుసుకుని ఉండటానికి సిగ్గు ఒక్కటే కారణం కాకపోవచ్చు.

1965లో ఠాణేలో టెరిలిన్ తయారీ మొదలయ్యాక ఇస్త్రీ నలగని చొక్కా మోజు పెరిగింది. 1971లో వచ్చిన ‘దసరాబుల్లోడు’, ‘ప్రేమనగర్’ వాణిశ్రీ కొప్పునూ చీరకట్టునూ ఇంటింటికీ చేర్చాయి. మగవాళ్ల వంతుకు బెల్‌బాటమ్‌లు వచ్చాయి. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరాలో 120 ఫిల్ముకు 12 ఫోటోలు పడేవి. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ‘ఇందు’ పేరుతో దేశీయ ఫిల్మును అమ్మింది. కెమెరా ఇళ్లలోకి వచ్చేకొద్దీ స్టూడియోకు పాస్‌పోర్టు సైజు ఫోటోలు, పెళ్లి ఆల్బమ్‌లు మిగిలాయి. 1980లలో రంగుల ప్రింట్లు మామూలయ్యాక రంగులద్దే పని కూడా తగ్గింది. ఫిల్ము పొదుపుగా వాడాల్సిన రోజుల్లో ఒకే నెగెటివ్‌లో రెండు వైపులూ చూపించిన నిలువుటద్దం కూడా క్రమంగా తప్పనిసరి కాకుండా పోయింది: ఓణీల వేడుకల్లో ఇప్పుడు మొహానికొకటి, జడకొకటి విడిగా తీస్తున్నారు.