టేపులు కాపాడిన ఉత్తరాలు

2011 ఫిబ్రవరి 27, ఆదివారం. కొందరు జీమెయిలు తెరచి నివ్వెరపోయారు. ఏళ్ళ తరబడి దాచుకొన్న వేగులు ఒక్కటీ లేవు. అట్టివారు మొత్తం వాడుకరులలో 0.02 శాతమేనని గూగుల్ ప్రకటించింది. కాని పోగొట్టుకొన్నవారికి శాతాలతో పనేమి?

గూగుల్ ప్రతి లేఖకూ పలు ప్రతులు తీసి వేర్వేరు డేటా కేంద్రాలలో ఉంచేది. అయినా లేఖలు ఎట్లు మాయమైనవి? నిల్వను నడిపే సాఫ్ట్‌వేరుకు చేసిన కొత్త మార్పులో దోషం దొర్లింది. ఒక యంత్రం చెడితే మరొకచోటి ప్రతి ఆదుకొనేది. ఇక్కడ ప్రతులను ఏలే సాఫ్ట్‌వేరే తప్పినందున, దెబ్బ ఒక్క ప్రతితో ఆగలేదు.

చివరకు ఆదుకొన్నది పాతకాలపు అయస్కాంత టేపు. అది ఆ వ్యవస్థతో సంబంధం లేక విడిగా ఉన్నది గనుక దోషం దానిని తాకలేదు. టేపులనుండి తిరిగి ఎక్కించడానికి కాలం పట్టింది. అయినా లేఖలు తిరిగివచ్చినవి.

తాటాకు గ్రంథాలకు ప్రతులు వ్రాసిన మన లేఖకులకు ఈ నీతి కొత్తది కాదు. ఒకే ఇంట పది ప్రతులున్నా ఒక్క నిప్పురవ్వ చాలు. మీ ఆప్తుల ఉత్తరాలు వేగులలోనే ఉన్నవా? నేడే ఒక ప్రతి తీసి విడిగా దాచండి.