గోడ మీది అక్షరం, యంత్రం గీసే బొమ్మ

డిజైన్ చదివిన పిల్లల కొలువులను కృత్రిమ మేధ మింగేస్తోందని 2022 నుంచి పట్నాల్లో పెద్ద చర్చ నడుస్తోంది. చర్చ అవసరమే. కానీ ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వాడల నుంచి చూసేవాళ్లకు ఇది కొత్త ముచ్చట కాదు. అక్షరాన్ని అందంగా రాసి బతికిన చేతులు ఇక్కడ ఇరవై ఏళ్ల కిందనే ఖాళీ అయినయ్. అప్పుడు ఎవరూ వ్యాసాలు రాయలేదు. ఆ చేతులను ఎవరూ డిజైనర్లు అనలేదు కనుక. తోలును పాదం కొలతకు కోసిన చేతిని మాత్రం ఎన్నడన్నరు?

మా చిన్నాయన బోర్డు ఆర్టిస్టు. పదో తరగతి తప్పి, ఒక ఆర్టిస్టు దగ్గర డబ్బాలు కడుగుతూ పని నేర్చిండు. సుద్ద దారం కొట్టి గీత వేసుకోవడం, ఒత్తులకు కిందెంత జాగ వదలాలో కంటితోనే లెక్కగట్టడం, ఎండకు రంగు జారకుండా కలపడం - ఇదంతా చదువే. ఈ పనికి కులం అడ్డురాలేదని మేం అనం. కిరాణా షాపు బోర్డు రాసినాయనకు మంచినీళ్లు బయటనే పోసిన ఇండ్లున్నయ్. కానీ తాత నుంచి వచ్చిన పనిముట్లు, సొంత జాగ, పెట్టుబడి లేని పోరడు బ్రష్షుతోని బతకగలిగిండు. నిర్మల్‌ నకాషీల పని తరతరాలుగా కుటుంబాల్లోనే సాగింది. వాడ పిల్లలకు తెరుచుకున్న తలుపు గోడరాత.

1978 జగిత్యాల జైత్రయాత్ర రోజుల్లో పల్లె గోడల మీద జాజుతో నినాదాలు రాసినవాళ్లలో ఎందరో అక్షరం కొత్తగా నేర్చినవాళ్లే. 1991 అంబేద్కర్ శతజయంతి నాటికి అదే బ్రష్షు నీలిరంగులో ముంచి వాడ గోడల మీద బాబాసాహెబ్‌ను గీసింది. ఉద్యమ చరిత్రలు నినాదాన్ని ఎత్తి రాసినయ్. రాసిన చేతిని వదిలేసినయ్.

1990ల్లో శేషన్ ఎన్నికల కమిషనర్‌గా ఉన్నప్పుడు గోడరాతల మీద ఆంక్షలు బిగిసినయ్. అదే కాలంలో డీటీపీ వచ్చింది. దాని వెనుకే ఫ్లెక్సీ వచ్చింది. గుడ్డ బ్యానరుకు ఒక పూట పట్టేది, ఫ్లెక్సీకి గంట చాలు. యంత్రానికి లక్షలు కావాలె. ఆ లక్షలు ఎవరి దగ్గరున్నయో వాళ్లే షాపులు పెట్టిన్రు. మా చిన్నాయన తోటివాళ్లలో కొందరు గల్ఫ్ పోయిన్రు, కొందరు ఇండ్లకు సున్నాలు వేసిన్రు. వాళ్ల పిల్లలు ఫోటోషాప్, కోరల్‌డ్రా నేర్చి అవే ఫ్లెక్సీ షాపుల్లో నెల జీతానికి కూర్చున్నరు. బ్రష్షు తనదే అయిన తండ్రికి మౌసు తనది కాని కొడుకు. ఇయ్యాల పోతున్నది ఈ కొడుకు పనే. గిరాకీదారు ఫోన్‌లోనే బొమ్మ తయారు చేసుకొచ్చి, అచ్చు వేసియ్యమంటున్నడు.

ఆ బొమ్మ ఎక్కడి నుంచి వస్తోంది? 2022లో విడుదలైన స్టేబుల్ డిఫ్యూజన్‌ అనే యంత్రానికి లయాన్-5బి అనే భండారం నుంచి ఏరిన బొమ్మలతో నేర్పిన్రు. ఇంటర్నెట్‌లో పోగుచేసిన ఆ భండారంలో సుమారు 585 కోట్ల బొమ్మలు, వాటి పక్కనున్న రాతలు ఉన్నయ్. అందులో 232 కోట్లు ఇంగ్లిషు రాతలవే. ఎవరినీ అడిగి తీసుకోలేదు. మా వాడ గోడలను ఎవరు ఫోటో తీసి ఇంటర్నెట్‌లో పెట్టిన్రు గనుక? మేం ఒక యాప్‌ను డప్పు కొట్టే మనిషి బొమ్మ అడిగితే, మెడలో మృదంగం వేలాడేసిన పట్టుపంచె మనిషిని గీసిచ్చింది. తెలుగులో పేరు రాయమంటే ఒత్తులను పురుగుల్లెక్క పేర్చింది. రేపు అది ఒత్తులు సరిగ్గా రాస్తది, అనుమానం లేదు. ఆ నేర్చుకునే అక్షరం ఎవరి చేతిదన్నది మా ప్రశ్న.

నిర్మల్ బొమ్మకు భౌగోళిక గుర్తింపు ఉంది, కరీంనగర్ వెండితీగ పనికీ ఉంది. 2018లో ఆదిలాబాద్ డోక్రాకూ వచ్చింది. ఓజ కళాకారుల కంచు పనికి అది దక్కడం న్యాయమే. గుర్తింపు కళకు పేరునిచ్చింది, తిండి ఎంత పెట్టిందో వేరే సంగతి. గోడరాతకు ఆ పేరూ లేదు, సంఘమూ లేదు.

ఉన్నదల్లా సంతకం. ఆర్టిస్టు బోర్డు మూలన చిన్నగా తన పేరు, పక్కన 'ఆర్ట్స్' అని రాసుకునేటోడు. ఫ్లెక్సీ మీద షాపు ఫోన్ నంబరు మిగిలింది. యంత్రం బొమ్మ మీద అదీ లేదు. మొన్న మా ఊళ్లో పాత అంబేద్కర్ బొమ్మ కింద సంతకం చదవబోతే, సున్నం పొరల కింద మూడక్షరాలే దొరికినయ్. మా చిన్నాయన చాలాసేపు చూసి, "ఈ 'ళ' మెలిక నాది కాదు, మా గురువుది" అన్నడు.